పుట్టి వడ్ల లెక్క

అమ్మలూ,

నిన్న ఫోన్లో చీర సంగతి చెప్పావు చూడు, అప్పటినుంచీ అదే మనసులో తిరుగుతోంది. ఇరవై శాతం తగ్గింపు పోను 2,400 కట్టానన్నావు. మరి అసలు ధరెంత అంటే, 2,400కి ఇరవై శాతం కలిపి 2,880 అన్నావు. అక్కడే తప్పావు. వాళ్ళు తగ్గించింది నువ్వు కట్టిన డబ్బులో కాదు, అసలు ధరలో. తెలియనిది అదే కాబట్టి దానికే ఒక పేరు పెట్టు. ఎక్స్ అంటే నీకు టెన్షన్ కదా, 'ధ' అనుకో. 'ధ'లో ఐదో వంతు పోతే మిగిలిన నాలుగు వంతులూ కలిసి 2,400. అంటే వంతుకి 600, ఐదు వంతులకి 3,000. వచ్చిన జవాబుని మళ్ళీ లెక్కలో పెట్టి చూడు: 3,000లో 600 పోతే 2,400, సరిపోయింది. నీ 2,880ని ఇలాగే పెట్టి చూసి ఉంటే 2,304 వచ్చేది. తప్పని నీకే తెలిసిపోయేది.

కాగితం మీద పెన్ను పెట్టే ముందు నోటితో ఒక సుమారు అంకె చెప్పుకోవడం ఇంకా ముఖ్యం. కావలిలో నేను చిల్లరంగడి నడిపే రోజుల్లో ఒకామె నాలుగు సరుకులు తీసుకుంది: 48, 97, 214, 153. నేను కాలిక్యులేటర్ నొక్కి 665 అన్నాను. ఆమె నిలబడ్డచోటే "యాభై, వంద, రెండొందల పది, నూటయాభై... ఐదొందల పదికి అటూ ఇటుగా రావాలి కదమ్మా" అంది. తేడా 155. నాలుగు సరుకుల్లో దానికి దగ్గరున్నది 153 ఒక్కటే, దాన్నే నేను రెండుసార్లు కొట్టాను. సుమారు లెక్క తప్పుందని చెప్పడమే కాదు, తప్పు ఎక్కడుందో కూడా చూపించింది. ఆమెకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఒకటి గుర్తుపెట్టుకో, చేతిలో డబ్బు చాలుతుందా అని చూసేటప్పుడు మాత్రం అన్నీ పైకే సవరించుకో.

ఇక మీ మావయ్య వడ్ల సంగతి. మన నెల్లూరు జిల్లాలో పుట్టి అంటే 850 కేజీలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్ళు. ఒక ఏడు కల్లం దగ్గరికి ఇద్దరొచ్చారు. ఒకాయన క్వింటాలు 2,200 అన్నాడు, ఇంకొకాయన పుట్టి 19,500 అన్నాడు. ఎనిమిది క్వింటాళ్ళకి 17,600, అరకి 1,100, మొత్తం 18,700. పుట్టి లెక్కన ఇస్తే 800 ఎక్కువొస్తుందని మీ మావయ్య సంబరపడి రెండో ఆయనకే ఒప్పుకున్నాడు. తీరా కాటా దగ్గర తేమ ఉందని చెప్పి పుట్టికి 900 కేజీలు తూచుకున్నారు. తొమ్మిది క్వింటాళ్ళు మొదటాయనకి ఇచ్చి ఉంటే 19,800 వచ్చేది. 800 లాభమనుకున్నది పుట్టికి 300 నష్టమైంది.

ఆ రోజు అడగాల్సింది ఒక్కటే: పుట్టికి ఎన్ని కేజీలు తూచితే రెండు బేరాలూ సమానమవుతాయి? తెలియని కేజీలు 'క' అనుకో. మొదటాయన లెక్కన కేజీ 22 రూపాయలు, కాబట్టి 22 క = 19,500. సుమారుగా చెప్పు ముందు: 22 తొమ్మిది వందలు 19,800 కదా, కాబట్టి 900కి కాస్త తక్కువ. భాగిస్తే 886 వస్తుంది. 850 మీద 36 కేజీలు దాటాయంటే పుట్టి బేరం వద్దు అని కాటా ఎక్కించక ముందే చెప్పేయొచ్చు.

ఈ నెలాఖరుకి మనవాళ్ళు కోతలు మొదలుపెడుతున్నారు. రేట్లు తెలియగానే మావయ్య చేత నీకు ఫోన్ చేయిస్తాను. పుట్టికి ఎన్ని కేజీల దాకా ఒప్పుకోవచ్చో ఈసారి నువ్వే చెప్పాలి.

మీ అమ్మమ్మ