పాత మేనేజర్ ప్రత్యర్థి జట్టుకు వెళ్తే దానిని ద్రోహం అనవచ్చా?

మీరు అభిమానించే ఫుట్‌బాల్ జట్టుకు ఒకప్పుడు మేనేజర్‌గా ఉన్న వ్యక్తి ప్రత్యర్థి జట్టులో చేరితే మీకేమనిపించింది, దానిని ద్రోహంగా భావించారా, ఆయన తిరిగి వస్తే అంగీకరిస్తారా అన్నది ఇక్కడి ప్రశ్న. నేను టోటెన్‌హామ్ హాట్‌స్పర్ అభిమానిని. మా జట్టును ఐదున్నరేళ్లు నడిపించిన మౌరిసియో పోచెటినో 2023 వేసవిలో, లండన్‌లోనే మాకు ప్రత్యర్థి అయిన చెల్సీకి మేనేజర్ అయ్యారు కనుక, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు అవసరానికి మించే ఉందనుకుంటాను. ద్రోహం అనే మాటను నేను ఒప్పుకోను. పొమ్మన్నవారికి, పోయినవాడు ఏ గడప తొక్కాడని నిలదీసే హక్కు ఉండదు.

ఈ విషయంలో ఆవేశపడేవారిలో చాలామంది ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో పట్టించుకోరు. 2014లో పోచెటినో వచ్చేనాటికి మాది ఏటా ఆశ పెట్టి, చివరికి ఐదో స్థానంతోనో ఆరో స్థానంతోనో సరిపెట్టే జట్టు. అదే జట్టు 2016-17లో 86 పాయింట్లతో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. పాత వైట్ హార్ట్ లేన్ మైదానంలో ఆడిన ఆ చివరి సీజన్‌లో సొంతగడ్డపై ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడలేదు. 2019 మే నెలలో ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్‌పై విరామ సమయానికి అన్నీ అయిపోయాయనుకున్న చోట, మా లూకస్ మౌరా రెండో సగంలో మూడు గోల్స్ కొట్టి, వాటిలో ఆఖరిదాన్ని ఇంజురీ టైమ్‌లో (90 నిమిషాల తర్వాత కలిపే అదనపు సమయంలో) సాధించి జట్టును యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు చేర్చినప్పుడు, మైదానంలోనే అందరి ముందూ కన్నీళ్లు పెట్టుకున్న మనిషి ఆయన. ఫైనల్‌లో లివర్‌పూల్ చేతిలో 2-0తో ఓడిపోయాం. ఆ తర్వాత ఆరు నెలలైనా నిండకుండానే, 2019 నవంబరు 19న, ఆయనను తొలగించారు. మరునాటి ఉదయమే కొత్త మేనేజర్ పేరు ప్రకటించారు. ఆ పేరు జోసె మౌరిన్యో.

మౌరిన్యో ఎవరు? చెల్సీకి రెండు విడతలుగా పనిచేసి మూడు లీగ్ టైటిళ్లు తెచ్చిపెట్టినవాడు. కొంతకాలానికి వచ్చిన ఆంటోనియో కాంటే ఎవరు? 2016-17లో మమ్మల్ని రెండో స్థానానికి నెట్టి చెల్సీని ఛాంపియన్‌ను చేసినవాడు. వాళ్ల మనుషులిద్దరిని మనం పిలిచి పీట వేసినప్పుడు వృత్తి ధర్మం గురించి మాట్లాడినవారే, మన మనిషి ఒక్కడు అటు వెళ్లగానే విధేయత గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టడం నాకు రుచించలేదు. పైగా 2023 వసంతంలో కాంటే నిష్క్రమించాక మాకు శాశ్వత మేనేజర్ లేరు. పారిస్ సెయింట్ జర్మైన్‌ను వీడిన పోచెటినో దాదాపు ఏడాదిగా ఖాళీగానే ఉన్నారు. మా స్టేడియంలో అభిమానులు ఆయన పేరుతో పాటలు కూడా పాడారు. అంతా విని యాజమాన్యం మిన్నకుండిపోయింది, చెల్సీ పిలిచింది, ఆయన వెళ్లారు. ఇందులో కోపగించుకోవలసిన చోటు ఏదో నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. అది పోచెటినో ఇంటి వైపు మాత్రం లేదు.

విధేయత గురించి మాట్లాడేటప్పుడు 2018 వేసవి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వరుసగా మూడు సీజన్ల పాటు మొదటి మూడు స్థానాల్లో జట్టును నిలబెట్టిన మేనేజర్‌కు ఆ వేసవిలో ఒక్క కొత్త ఆటగాడినీ కొనివ్వలేదు. 2003లో వేసవి బదిలీల గడువు విధానం వచ్చాక అప్పటివరకు ప్రీమియర్ లీగ్‌లో మరే క్లబ్బూ అలా చేయలేదు. ఆ తర్వాతి జనవరిలోనూ ఎవరినీ తేలేదు. కొత్త స్టేడియం నిర్మాణానికి డబ్బు పోతోందన్నారు. స్టేడియం బ్రహ్మాండంగానే తయారైంది, కాదనను. అయితే అందులో ఆడవలసిన జట్టు అలసి, వయసు మీరి, మనసు విరిగి ఆ మైదానంలోకి అడుగుపెట్టింది. అక్కడ తొలి పూర్తి సీజన్ సగం గడవకముందే పోచెటినోను సాగనంపారు.

ఇంత చెప్పాక కూడా, చెల్సీకి వెళ్లినందుకు బాధ కలగలేదంటే అది అబద్ధమే అవుతుంది. వేరే క్లబ్బుకు వెళ్లి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదు. 2016 మే 2న చెల్సీ సొంత మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో విరామానికి 2-0 ఆధిక్యంలో ఉండి, చివరికి 2-2తో డ్రా చేసుకుని, లీగ్ టైటిల్‌ను మా పోటీదారు లెస్టర్ జట్టుకు అప్పగించిన రాత్రిని మా అభిమానులెవరూ మరచిపోరు. మా ఆటగాళ్లలో తొమ్మిది మందికి పసుపు కార్డులు పడిన ఆ మ్యాచ్‌లో, మా డానీ రోజ్, చెల్సీ ఆటగాడు విలియన్ కలబడినప్పుడు విడదీయడానికి టచ్‌లైన్ దాటి మైదానంలోకి దూసుకువెళ్లినది పోచెటినోనే. రెండేళ్ల తర్వాత, 2018 ఏప్రిల్ 1న, అదే మైదానంలో 3-1తో గెలిపించి 28 ఏళ్ల కరువు తీర్చినదీ ఆయనే. చెల్సీని ఎలా ద్వేషించాలో మాలో ఒక తరానికి ఆయన జట్టే నేర్పింది. ఆ మనిషి అదే మైదానానికి అధిపతి అయ్యాడంటే మనసు ఒప్పుకోవడానికి సమయం పడుతుంది.

నా మనసులోని గందరగోళమంతా బయటపడినది 2023 నవంబరు 6న, పోచెటినో చెల్సీ మేనేజర్‌గా మా స్టేడియానికి తొలిసారి వచ్చిన మ్యాచ్‌లో. అప్పటికి ఆంజ్ పోస్టెకోగ్లూ నాయకత్వంలో మేము పది లీగ్ మ్యాచ్‌లు ఆడి ఎనిమిది గెలిచి, రెండు డ్రా చేసుకుని ఓటమి ఎరుగకుండా ఉన్నాం. ఆరో నిమిషంలోనే కులుసెవ్‌స్కీ గోల్ కొట్టాడు. ఆ క్షణంలో నేను చూడవలసినది మా ఆటగాళ్ల సంబరం. నా కళ్లు మాత్రం చెల్సీ మేనేజర్ ఉండే డగౌట్ వైపే వెళ్లాయి. ఆయన బాధపడుతున్నాడో లేదో చూడాలన్న కోరిక నాలో ఉందని అప్పుడే అర్థమైంది. బాధపడాలనీ ఉంది, మరీ ఎక్కువ బాధపడకూడదనీ ఉంది.

ఆ తర్వాత ఆట ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది. 33వ నిమిషంలో మా రొమేరోకు రెడ్ కార్డుతో బహిష్కరణ, దాని వెంటే చెల్సీ ఆటగాడు పామర్ పెనాల్టీతో స్కోరు సమం, విరామంలోపే మా వాన్ డె వెన్, మాడిసన్ గాయపడి తప్పుకోవడం, 55వ నిమిషంలో మా ఉడోగీకి రెండో పసుపు కార్డుతో బహిష్కరణ. తొమ్మిది మందితో మిగిలిన మరే జట్టయినా గోల్ ముందు గోడ కట్టుకుని కూర్చుంటుంది. పోస్టెకోగ్లూ మాత్రం డిఫెండర్లను మధ్య గీత దాకా జరిపి నిలబెట్టాడు. వాళ్ల వెనుక సగం మైదానం ఖాళీగా ఉంటే, గోల్‌కీపర్ వికారియో పెనాల్టీ ఏరియా వదిలి పరుగెత్తుకొచ్చి ఆ ఖాళీలో పడుతున్న బంతులను తన్నివేస్తూ వచ్చాడు. ఇరవై నిమిషాల పాటు అది నిజంగానే సాగింది. ఆ గీతను దాటే దారి తెలియక చెల్సీ ఆటగాళ్లు బంతి అందకముందే డిఫెండర్లను దాటేసి పదేపదే ఆఫ్‌సైడ్ అవుతుంటే, ఇంత ఖరీదైన జట్టుకు ఇదేనా పోచెటినో నేర్పినదని నేను ఎగతాళి చేస్తూనే, నా దగ్గర ఉన్నప్పుడు ఈ మనిషి ఇంత అయోమయంగా ఉండేవాడు కాదే అని ఎక్కడో చిన్నబుచ్చుకున్నాను. 75వ నిమిషంలో స్టెర్లింగ్ మా డిఫెండర్ల వెనక్కి దూసుకుపోయి అందించిన బంతిని నికొలస్ జాక్సన్ ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. అయినా ఇంజురీ టైమ్‌లో కూడా స్కోరు సమం చేసే అవకాశాలు మాకు దక్కాయి. చివరి క్షణాల్లో జాక్సన్ మరో రెండు కొట్టి హ్యాట్రిక్ పూర్తిచేశాడు, ఫలితం 4-1. స్టేడియంలో మా అభిమానులు లేచి నిలబడి, ఓడిన తొమ్మిది మందికి చప్పట్లు కొట్టారు. నేనూ గర్వపడ్డాను. పోచెటినో గెలిచిన పద్ధతిలో గొప్పేమీ లేదన్న సంతృప్తి కూడా ఆ గర్వంలో కొంత కలిసి ఉంది.

ఇలాంటి మ్యాచ్‌లను చూపించే టీవీ వారిపై నాకొక ఫిర్యాదు ఉంది. గోల్ పడిన ప్రతిసారీ, ఫౌల్ జరిగిన ప్రతిసారీ పాత మేనేజర్ ముఖాన్ని తెరనిండా చూపించడం, ఆయన కనుబొమ్మ కదిలితే వ్యాఖ్యాతలు దానికి భాష్యం చెప్పడం నాకు విసుగు పుట్టిస్తాయి. ఈలోపు త్రో-ఇన్ ఎవరు తీసుకున్నారో కూడా తెలియదు.

మాకు ఇది కొత్త అనుభవమేమీ కాదు. మా చిరకాల ప్రత్యర్థి ఆర్సెనల్‌కు రెండు లీగ్ టైటిళ్లు గెలిపించిన జార్జ్ గ్రాహమ్‌ను 1998లో మా క్లబ్బే తెచ్చుకుంది. ఆయన 1999లో లీగ్ కప్ గెలిపించినా మా వాళ్లు ఆయన పేరు పలకడానికి ఇష్టపడక, పాటలో ‘రెయిన్‌కోటు మనిషి’ అని పాడుకున్నారు. లివర్‌పూల్‌కు 2005లో యూరోపియన్ కప్ (ఛాంపియన్స్ లీగ్) తెచ్చిన రాఫా బెనిటెజ్ 2021లో అదే నగరంలోని ప్రత్యర్థి ఎవర్టన్‌కు వెళ్లి ఏడు నెలలైనా నిలవలేదు. మాంచెస్టర్ యునైటెడ్‌తో స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌కు వచ్చిన మౌరిన్యోను 2017లో చెల్సీ అభిమానులు జూడాస్ (క్రీస్తుకు ద్రోహం చేసినవాడు) అని తిడితే, తాను గెలిపించిన మూడు టైటిళ్లకు గుర్తుగా మూడు వేళ్లు చూపించాడు. అహంకారమే కావచ్చు, కానీ లెక్క సరైనదే. ఈ ఉదాహరణలన్నిటిలో నాకు కనిపించేది ఒక్కటే: పాత ఇంటివారి తిట్లకంటే, కొత్త ఇంటివారి అనుమానమే ఇలాంటి మేనేజర్లను ఎక్కువగా దెబ్బతీస్తుంది.

పోచెటినోకూ అదే జరిగిందని నా గట్టి నమ్మకం. చెల్సీ వారు ఆయనను ఏనాడూ మనస్ఫూర్తిగా తమవాడనుకోలేదు. లీగ్ కప్ ఫైనల్‌లో లివర్‌పూల్ చేతిలో ఓడి, లీగ్‌లో మాకంటే ఒక మెట్టు కింద ఆరో స్థానంలో ముగించాక, 2024 మే నెలలో ఆయన ఆ పదవి వదిలేశారు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా జాతీయ జట్టు బాధ్యతలు తీసుకున్నప్పుడు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను, ఎందుకంటే అమెరికా గెలిస్తే నాకు పోయేదేమీ లేదు.

ఇక తిరిగి వస్తే అంగీకరిస్తారా అన్న చివరి ప్రశ్నకు నా జవాబు: చెల్సీలో గడిపిన ఆ ఒక్క సీజన్ నాకు అడ్డంకి కాదు. అయితే 2018 వేసవిలో చేసినట్టు ఆటగాళ్లను కొనివ్వకుండా అద్భుతాలు చేయమని అడిగే ఉద్దేశం యాజమాన్యానికి ఉంటే మాత్రం, పిలుపు వచ్చినా ఆయన రాకపోవడమే మేలు.