పెంగ్విన్ వయసూ పిల్లల లెక్కా: మిద్దె మీద పావురాలు పెంచే నాకు అర్థమైనంత

కోడిపెట్ట మొదటి ఏడాది ఎక్కువ గుడ్లు పెట్టి తర్వాత ఏటేటా తగ్గిస్తుంది కదా, పెంగ్విన్‌లు కూడా చిన్న వయసులోనే ఎక్కువ పిల్లల్ని దక్కించుకుంటాయా, లేక వయసు పెరిగేకొద్దీ మెరుగవుతాయా అని అడిగారు. కోడి లెక్క ఇక్కడ తిరగబడుతుంది. మొదటిసారి గూడు కట్టిన పెంగ్విన్‌కు చాలాసార్లు పిల్ల దక్కదు, ఆ తర్వాత కొన్నేళ్ళపాటు మెరుగవుతూ పోతుంది, నడివయసులో ఏళ్ళ తరబడి నిలకడగా ఉంటుంది, బాగా ముసలిదయ్యాక మళ్ళీ తగ్గుతుంది. ఎందుకలా అన్నదే అసలు విషయం, అది కాస్త పొడుగ్గా చెప్పాలి.

నేను పక్షిశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. కర్నూలు పాతబస్తీలో మా మిద్దె మీద ఇరవై ఏళ్ళుగా పావురాలు పెంచుతున్నాను, ఆ పిచ్చితోనే పక్షుల గురించి దొరికిందల్లా చదువుతుంటాను. పెంగ్విన్‌ని కళ్ళారా చూసింది ఒక్కసారే, ముంబై బైకుల్లా జూలో, గాజు గోడ ఇవతల నిలబడి. అయినా ఈ ప్రశ్నకు పావురాలు పెంచినవాడు జవాబు చెప్పగలడని నా నమ్మకం, ఎందుకంటే కోడికీ పెంగ్విన్‌కీ పోలికే లేదు. కోడిపుంజుకు పొదగడంతో సంబంధం లేదు, పెట్ట ఒక్కతే ఇరవై ఒక్క రోజులు కూర్చుంటుంది, పిల్ల బయటపడిన రోజే తన తిండి తానే ఏరుకుంటుంది. పావురం అలా కాదు. రెండు గుడ్లు, మగదీ ఆడదీ వంతులు వేసుకుని పొదుగుతాయి, పిల్లలకు ఇద్దరూ కలిసి మెడ కింది సంచిలో ఊరే పాలలాంటి ముద్దను నోట్లో పెడతాయి. అడీలీ పెంగ్విన్‌కూ రెండు గుడ్లే, ఇద్దరివీ వంతులే. ఎంపరర్ పెంగ్విన్ మగదైతే తల్లి సముద్రం నుంచి తిరిగొచ్చేలోపు పిల్ల పుడితే అచ్చం పావురం లాగే గొంతులో ఊరే పాలతో దాన్ని బతికిస్తుంది. పక్షుల్లో ఇలా పాలిచ్చేవి పావురాల జాతి, ఫ్లెమింగో, ఈ ఎంపరర్, అంతే.

మా దగ్గర మగది పొద్దున తొమ్మిది, పది మధ్య గూట్లోకి దిగుతుంది, సాయంత్రం నాలుగు దాటాక ఆడది వచ్చి రాత్రంతా కూర్చుంటుంది. కాలి రింగు మీద పుట్టిన ఏడు ఉంటుంది కాబట్టి ఏ పావురం వయసెంతో నాకు అనుమానం ఉండదు. 2016 డిసెంబరులో ఒక కొత్త జతను కలిపాను, రెండూ ఎనిమిది నెలలవి, మంచి బలంగా ఉన్నాయి. గుడ్లు పెట్టిన ఐదో రోజు టార్చి మీద పెట్టి చూస్తే సాలెగూడులా సన్నటి ఎర్రటి నరాలు కనిపించాయి, అంటే జీవం పోసుకున్నట్టే. ఆ మరుసటి సాయంత్రం మగది అలవాటు ప్రకారం చీకటి పడే వేళకు లేచి తన చోటికి పోయింది, ఆడది మాత్రం రాత్రి గూటికి రాలేదు, పిట్టగోడ మీదే కూర్చుండిపోయింది. పొద్దున ఆరింటికి నేను చూసేసరికి గుడ్లు చేతిలో రాయిలా చల్లగా ఉన్నాయి. రెండు రోజులాగి టార్చి పెడితే ఆ నరాలు లేవు, గుడ్డు లోపల చుట్టూ ఒక ఎర్రటి గీత, ఉంగరంలా, అంటే లోపలి జీవం పోయినట్టే. గింజలు గూటి ముందే ఉన్నాయి, నీళ్ళున్నాయి, పిల్లి రాలేదు, రోగం లేదు. వంతు మారడం ఒక్కటే తప్పింది. మా వెనక వీధి చాచా అప్పుడే చెప్పాడు, "బేటా, కొత్త జతకు మొదటి రెండు పొదుగులూ లెక్కలో వేసుకోవద్దు" అని. అదే జత మూడో పొదుగులో రెండు పిల్లల్నీ ఎగిరేదాకా పెంచింది.

ఇప్పుడు దీన్నే అంటార్కిటికాకు తీసుకెళ్ళండి. అడీలీ ఆడది గుడ్లు పెట్టి సముద్రానికి వెళ్ళిపోతుంది, మగది మొదటి వంతుగా దాదాపు రెండు వారాలు కదలకుండా కూర్చుంటుంది, దానికి కాలనీకి, అంటే అవన్నీ గుంపుగా గూళ్ళు కట్టే చోటికి, వచ్చినప్పటి నుంచి తిండి లేదు. ఆడది వేటలో తేరుకుని సమయానికి తిరిగి రావాలి. అనుభవం లేనిదైతే చేపలూ, క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవులూ ఎక్కడ దొరుకుతాయో వెతుక్కోవడంలోనే రోజులు గడిచిపోతాయి, ఇక్కడ మగదానికి ఒంట్లో కొవ్వు కరిగి లేచి పోవడం తప్ప వేరే దారి ఉండదు. అది లేచిన కాసేపటికే స్కువా పక్షి గుడ్డు ఎత్తుకుపోతుంది. ఎంపరర్ సంగతి ఇంకా కఠినం. ఒకే గుడ్డు, తల్లి పాదాల మీద నుంచి తండ్రి పాదాల మీదికి దొర్లించాలి, అందులో తడబడి మంచు మీద వదిలేస్తే కొద్ది సేపట్లోనే గడ్డకట్టుకుపోతుంది. ఆ మార్పిడి సరిగ్గా జరిగితే తండ్రి చలికాలం చీకట్లో రెండు నెలల పైన దాన్ని మోస్తుంది.

వయసుతో వచ్చే ఇంకో లాభం ఏమిటంటే ముందుగా రావడం. అనుభవం ఉన్న అడీలీలు సీజను మొదట్లోనే వచ్చి పాత చోటునూ పాత తోడునూ పట్టుకుంటాయి. రెండు మూడేళ్ళ కుర్ర పక్షులు ఆలస్యంగా వస్తాయి, గుడ్లే పెట్టకుండా గూటికి వాడే రాళ్ళు అటూ ఇటూ మోసి, తిరిగి చూసి వెళ్ళిపోతాయి. అలా ఒకటి రెండేళ్ళు వచ్చి పోయాకే అవి గూడు కడతాయి. అప్పుడు కూడా కాలనీ అంచునే చోటు దొరికితే స్కువాలకు అవే మొదట చిక్కుతాయి. అందుకే ఆడవి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళకు, మగవి ఇంకాస్త ఆలస్యంగా మొదలుపెడతాయి. ఈ ఆలస్యాన్ని లోపం అనుకోకూడదు, చాలా ఏళ్ళు బతికే పక్షికి అదే సరైన పద్ధతని నాకనిపిస్తుంది.

ఇవన్నీ మొదట ఓపికగా రాసిపెట్టిన మనిషి ఒకరున్నారు, న్యూజిలాండ్‌కు చెందిన లాన్సెలాట్ రిచ్‌డేల్. ఆయన బడిపంతులు. ఓటాగో ద్వీపకల్పంలో పసుపు కళ్ళ పెంగ్విన్‌లకు గుర్తులు వేసి 1936 నుంచి 1954 దాకా గూడు గూడూ తిరిగి చూశారు. రెండేళ్ళ ఆడవి చాలాసార్లు ఒకే గుడ్డు పెట్టడం, అందులోనూ మురిగిపోయేవి ఎక్కువ ఉండడం, మూడో ఏడూ నాలుగో ఏడూ వచ్చేసరికి రెండు గుడ్లూ నిలబడడం ఆయన లెక్కల్లోనే తేలింది. సెలవు దొరికినప్పుడల్లా సముద్రపు ఒడ్డున గుడ్లు లెక్కపెట్టుకున్న ఆ మనిషి అంటే నాకు చాలా గౌరవం.

గుర్తులంటే ఒక సంగతి చెప్పాలి. పావురం కాలికి రింగు వేస్తే దానికేమీ కాదు, కానీ పెంగ్విన్ కాళ్ళకు రింగు కుదరదు కాబట్టి చాలా కాలం రెక్కకు లోహపు పట్టీ వేసేవారు. ఈదేది ఆ రెక్కతోనే. హిందూ మహాసముద్రంలో బాగా దక్షిణాన ఉన్న క్రోజె దీవుల్లో కింగ్ పెంగ్విన్‌లను పదేళ్ళు గమనించి 2011లో ప్రకటించిన ఫలితం చూస్తే బాధేస్తుంది: పట్టీ ఉన్నవాటికి లేనివాటికంటే పిల్లలు 39 శాతం తక్కువ, బతికి ఉండడం కూడా 16 శాతం తక్కువ. కాబట్టి పాత లెక్కలు చదివేటప్పుడు ఆ పక్షులకు పట్టీ ఉందా, చర్మం కింద చిప్ ఉందా అని తప్పకుండా చూడండి.

ఇంకో మెలిక కూడా ఉంది. పదేళ్ళ పెంగ్విన్‌ల సగటు మూడేళ్ళవాటికంటే బాగుందంటే ప్రతి పక్షీ నేర్చుకుని మెరుగైందని కాదు, చేతకానివి ఈలోపే చచ్చిపోయి గట్టివి మాత్రమే మిగిలాయని కూడా కావచ్చు. అదే పక్షిని ఏళ్ళ తరబడి చూస్తేనే రెండింటినీ వేరు చేయగలం. కింగ్ పెంగ్విన్ దగ్గర ఇది ఇంకా చిక్కు: ఒక పిల్లను పెంచడానికే దానికి ఏడాది దాటుతుంది, నిరుడు పిల్లను దక్కించుకున్నది ఈ ఏడు ఆలస్యంగా గుడ్డు పెట్టి, చలికాలానికి పిల్ల చిన్నదిగా ఉండి పోగొట్టుకుంటుంది. ఒక్క ఏడాది లెక్క చూసి దాన్ని చేతకాని పక్షి అంటే అన్యాయం.

ఇక కరువు వస్తే వయసుకు కూడా హద్దుంటుంది. 2000లో అంటార్కిటికాలోని రాస్ మంచుపలక నుంచి విరిగిపడిన బి-15 అనే పెద్ద మంచుకొండ ముక్కలు రాస్ ద్వీపం దగ్గర అడ్డం పడడంతో అక్కడి అడీలీలు మంచు మీద చాలా దూరం నడవాల్సి వచ్చింది, ఆ ద్వీపం మీది కేప్ రాయిడ్స్ కాలనీలో గూళ్ళు బాగా తగ్గిపోయాయి. నాకు అది చదివినప్పుడు 2009 అక్టోబరు వరద గుర్తొచ్చింది. పాతబస్తీ అంతా మునిగి మేమూ మిద్దె మీదే ఉన్నాం, కింద గదిలోని జొన్నలూ సజ్జలూ నీళ్ళపాలు. ఆ విడత ఒక్క పిల్లా దక్కలేదు, ముసలి జతలకూ కుర్రవాటికీ తేడా లేదు. తేడా తర్వాత కనిపించింది: నీళ్ళు తీసిన మూడు వారాలకు పాత జతలు మళ్ళీ గుడ్లు పెట్టాయి, కుర్రవి సంక్రాంతి దాకా సర్దుకోలేదు.

తోడు మారడం కూడా మరిచిపోకండి. ఒక ఏడాది పిల్లి నా పాత ఆడపావురాన్ని పట్టుకుపోతే దాని మగది కుర్రదాన్ని కట్టుకుంది, అంత అనుభవం ఉన్నా మొదటి పొదుగు పోయింది. పెంగ్విన్‌లలో కూడా తోడు కొత్తదైతే ఆ ఏడు కష్టమే. ముంబై జూలో 2018 ఆగస్టు 15న పుట్టిన మొదటి పిల్ల వారానికే పోయింది, అదే జతకు 2021లో పుట్టిన పిల్ల బతికింది. ఒక్క జతతో ఏమీ రుజువు కాదు గానీ ఆ వార్త చదివిన రోజు నేను చాలా సంతోషపడ్డాను.

ముసలితనం గురించి అడిగారు కాబట్టి అదీ చెబుతాను. ఆ మగపావురమే ఇప్పుడు నా దగ్గర అన్నిటికంటే పెద్దది, దాని గుడ్లు రెండేళ్ళుగా పిల్లలు కావడం లేదు, టార్చి పెడితే లోపల ఖాళీగా పసుపు కాంతి తప్ప ఏమీ ఉండదు. కానీ వంతు తప్పడం మాత్రం లేదు. అందుకే కుర్ర జత వదిలేసిన గుడ్డు ఉంటే తెచ్చి దాని గుడ్ల స్థానంలో పెడుతుంటాను. మొన్న ఆగస్టులో అలా పెట్టినదాన్ని పిల్ల చేసి, గొంతు నింపి, ముప్పై రెండో రోజుకు పిట్టగోడ మీదికి ఎగరేసింది.