కోటి రూపాయల ఆస్తి ఉంటే 48 ఏళ్లకే ఉద్యోగం మానేయొచ్చా?

మీకు 48 ఏళ్లు, కడపలో సొంతిల్లు, రెండు ప్లాట్లు, ఊర్లో కొంచెం పొలం, పాప ఇంటర్ చదువుతోంది, ప్రైవేటు ఉద్యోగం మీద విసుగొచ్చింది, అన్నీ కలిపితే ఆస్తి కోటి దాటుతుంది, మానేయొచ్చా అని అడిగారు. ఇప్పుడే వద్దండీ. మీరు అంత పొడుగు రాశారు గానీ నెలనెలా చేతికి ఎంత వస్తుందో ఒక్క ముక్క రాయలేదు. మన సీమలో అందరిదీ ఇదే వరస, ఆస్తి ఎంతంటే టక్కున చెప్తారు, ఆదాయం అడిగితే ఆకాశం వైపు చూస్తారు.

నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి 55 నిండాక మానేశాను, ప్రొద్దుటూరులో ఉంటాను. నాకంటే ముందు మా తోడల్లుడు 50కే మానేశాడు. నాకు అన్న వరస. కాగితం మీద నాకంటే ఎంతో ఉన్నవాడు. పులివెందుల పక్కన ఐదెకరాల చీనీ తోట, మైదుకూరు రోడ్డులో ప్లాట్లు, పీఎఫ్ డబ్బంతా తెలిసినవాళ్లకే నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాడు. ఏడాదికి నూటికి 24 వస్తుంటే బ్యాంకు మొహం ఎవరు చూస్తారు అనేవాడు. మొదట్లో బాగానే వచ్చింది కూడా.

తర్వాత వానల్లేక తోటలో బోరు ఎండింది. ఇంకోటి వేయిస్తే వెయ్యి అడుగులు దిగినా దుమ్మే లేచింది. చెట్లు చచ్చిపోతాయని ట్యాంకర్లతో నీళ్లు తోలించాడు, ఉన్న కాస్త డబ్బూ దానికే పోయింది. ఆ ఏడే కూతురికి బెంగళూరులో ఇంజినీరింగు సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి ఆఖరి రోజు రేపనగా, రాత్రి అన్నాల వేళ ఇద్దరూ మా ఇంటికొచ్చారు. వదిన నేరుగా వంటింట్లోకి పోయి కూర్చుంది, బయటికి రాలేదు. ఆయన రెక్సిన్ సంచిలోంచి ప్రామిసరీ నోట్లు తీసి మంచం మీద ఒక్కొక్కటే పరిచాడు. రెవెన్యూ స్టాంపుల మీద సంతకాలు, కొన్నిటి మీద వేలిముద్రలు. "ఇదంతా నా డబ్బే అబ్బీ. ఒక్కడూ ఫోన్ ఎత్తడం లేదు" అన్నాడు. నేను తేదీలు చూశాను. రెండింటికి మూడేళ్లు దాటిపోయింది. మధ్యలో ఒక్క రూపాయైనా జమ రాయించుకోలేదు, తిరగ రాయించుకోలేదు, మనవాళ్లే కదా అని. మూడేళ్లు దాటిన నోటు పట్టుకుని ఏ కోర్టుకు పోతాం? ప్లాట్ల బ్రోకరుకు ఫోన్ చేస్తే ఇప్పుడు మార్కెట్ డౌన్‌లో ఉంది సార్, అడ్వాన్సుకే నెల పడుతుంది అన్నాడు. పోయిన నెల అదే ప్లాటు నాకు అమ్మజూపినప్పుడు వీడే రేట్లు మండిపోతున్నాయన్నాడు! చివరికి మా ఆవిడ నగలు, వదిన గాజులు కలిపి పొద్దున్నే బ్యాంకులో కుదువ పెడితే మధ్యాహ్నానికి ఫీజు కట్టగలిగాం.

అందుకే నాకు ఈ యూట్యూబ్ వాళ్లంటే మంట. ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉంటే చాలు, హాయిగా మానేయండి అంటారు. ఆ లెక్క 1994లో అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆయన అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర చూసి, 30 ఏళ్ల రిటైర్మెంటుకు వేసింది. 48కి మానేసేవాడికి 30 ఏళ్లు ఎక్కడ సరిపోతాయి? పైగా మన ఖర్చుల్లో పెళ్లిళ్లకు చదివింపులు, అక్కచెల్లెళ్లకు పెట్టుపోతలు, ఊర్లో జాతర చందాలు ఉంటాయి, అవి ఏ కాలిక్యులేటర్‌లోనూ లేవు. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే ఈరోజు 40 వేలతో గడిచే ఇల్లు పన్నెండేళ్లకు 80 వేలు అడుగుతుంది.

నేను 55 దాకా ఆగింది ఊరికే కాదు. 55 నిండి రిటైరైనవాళ్లకు, 60 రాకపోయినా, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో చేరే వీలుంది. రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేయాలి, కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. 30 లక్షల దాకా వేయొచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. దాంతోపాటు పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కం స్కీములో ఇద్దరి పేరు మీద 15 లక్షలు, 7.4 శాతానికి నెలకు 9,250. ఫ్యాక్టరీ పెన్షన్ మాత్రం ఇంకా ముట్టలేదు. పీఎఫ్‌తోపాటు ఉండే ఆ పెన్షన్ స్కీము, ఈపీఎస్ అంటారు, 50 నుంచే తీసుకోవచ్చు గానీ 58కి ఎన్నేళ్లు ముందు తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోస్తారు, ఆ కోత బతికినన్నాళ్లూ ఉంటుంది. 51కే తీసుకుంటే దాదాపు పావు వంతు పోయినట్టే.

ఇంకోటి, కంపెనీ ఇచ్చే గ్రూపు హెల్త్ ఇన్సూరెన్సు ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి. ముందే ఉన్న బీపీ, షుగర్‌లకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది జీతం వస్తున్నప్పుడే గడిచిపోవాలి.

మీ రెండు ప్లాట్లలో ఒకటి ఇప్పుడే బేరానికి పెట్టండి. అవసరం లేనప్పుడు అమ్మేవాడికే మంచి ధర వస్తుంది, గొంతు మీదికొచ్చినప్పుడు బ్రోకరు చెప్పిందే రేటు. ఆ డబ్బు ఎవరికీ వడ్డీకి ఇవ్వకుండా పాప చదువు కోసం బ్యాంకులో వేయండి. మీ చేతికి డబ్బొచ్చిందని తెలియగానే చుట్టాలు క్యూ కడతారు, మొహమాటపడొద్దు. పాప చదువు అయిపోయి, మీకు 55 దగ్గరపడ్డాక మళ్లీ అడగండి, అప్పుడు నేను కాదనను.