ఫోన్ జీపీఎస్‌తో నడిచి గీసిన హద్దు ఉపగ్రహ చిత్రం మీద పక్కకు పడుతోంది, తప్పు దేనిది?

మీరు అడిగింది ఇదీ: ఫోన్ పట్టుకుని గట్టు వెంట తిరిగి పొలం హద్దు గీశారు. ఉపగ్రహ చిత్రం మీద వేస్తే అది గట్టు మీద పడకుండా ఏడెనిమిది మీటర్లు పక్కన పడింది. తప్పు ఫోన్‌దా, చిత్రానిదా? ఆ హద్దుతో విస్తీర్ణం, పైరు పచ్చదనాన్ని చెప్పే సూచిక ఎన్‌డీవీఐ తీయొచ్చా?

ముందు నాలుగు మూలల దగ్గరా తేడా ఎంతుందో, ఏ దిక్కుకుందో కొలిచి రాసుకోండి. అన్నిచోట్లా ఒకే దిక్కుకు ఒకే దూరం జరిగితే ఒక రకం తప్పు, ఒక్కో మూల ఒక్కో వైపు పోతే ఇంకో రకం. చాలామంది ఈ పని మానేసి గీతను మౌస్‌తో లాగి గట్టు మీద కూర్చోబెడతారు. ఆ తర్వాత తప్పు ఎక్కడిదో తేల్చే దారే ఉండదు.

ఒక్కో మూల ఒక్కోలా ఉంటే మొదట ఫోన్‌నే అనుమానించాలి. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, తామెక్కడున్నదీ, సంకేతం ఎప్పుడు బయల్దేరిందీ చెబుతుంటాయి. సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. సమయంలో ఒక్క మైక్రోసెకను తేడా వస్తే దూరంలో 300 మీటర్లు పోతుంది. ఉపగ్రహంలో అణు గడియారం ఉంటుంది గానీ ఫోన్‌లో ఉండేది మామూలు క్వార్ట్జ్ గడియారమే. అందుకని అక్షాంశం, రేఖాంశం, ఎత్తులతో పాటు ఫోన్ గడియారం ఎంత తప్పిందో కూడా తేల్చాలి. తెలియనివి నాలుగు కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి.

నాలుగు దాటాక సంఖ్య కన్నా అవి ఆకాశంలో ఎలా పరుచుకున్నాయన్నదే ముఖ్యం. పన్నెండు కనిపించినా అన్నీ ఒకే పక్కన ఉంటే స్థానం సరిగ్గా కుదరదు. ఇక గోడ పక్కన, రేకుల షెడ్డు దగ్గర సంకేతం నేరుగా రాకుండా దేనికో తగిలి వస్తుంది. దారి పొడవైతే దూరం పెరిగినట్టే లెక్కలో పడుతుంది. బాగా తెరిపి ఉన్న చోట మామూలు ఫోన్ దాదాపు 5 మీటర్ల లోపు చెబుతుంది. గోడ, షెడ్డు పక్కన మాత్రం 15 మీటర్లు తప్పినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌టెస్ట్ యాప్ పెట్టి సంకేత బలం చూడండి. ఎక్కువ ఉపగ్రహాలు 35 డీబీ-హెర్ట్జ్ పైన ఉంటే మంచిదే, అన్నీ 25 దగ్గర కొట్టుకుంటుంటే అక్కడ కొలవకండి. ఎల్1తో పాటు ఎల్5 అనే రెండో పౌనఃపున్యం కూడా అందుకునే ఫోన్ అయితే ఇంకా మేలు. నెట్ లేని చోట ఫోన్ ఉపగ్రహ కక్ష్య వివరాలను ఆకాశం నుంచే దించుకోవాలి. అవి 30 సెకన్లకోసారి తిరిగి వస్తుంటాయి, కాబట్టి యాప్ తెరవగానే నడక మొదలుపెట్టొద్దు. నడుస్తూ గీసిన గీత కన్నా ప్రతి మూలలో రెండు మూడు నిమిషాలు ఆగి తీసిన బిందువే నమ్మదగినది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. రేపు ఇదే వేళకు వచ్చి మళ్లీ కొలిస్తే సరిపోతుందనుకోకండి. జీపీఎస్ ఉపగ్రహాల అమరిక రోజూ సుమారు 4 నిమిషాల ముందుగా దాదాపు అలాగే తిరిగొస్తుంది. అదే గోడ, అదే కోణం, కాబట్టి అదే తప్పు. రెండోసారి కొలవాలంటే వేళ మార్చి, కనీసం రెండు మూడు గంటల తేడాతో వెళ్లాలి.

గీత మొత్తం ఒకే దిక్కుకు జరిగి ఉంటే చిత్రాన్ని, ఫైల్‌ను చూడాలి. జరిగింది వందల మీటర్లైతే డేటమ్ తేడా, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కించడానికి తీసుకున్న ఆధారం వేరన్నమాట. ఏకంగా కిలోమీటర్లలో ఉంటే 30 నిమిషాలను 0.5 డిగ్రీ అనకుండా 0.30 అని రాసేసి ఉంటారు. ఎక్కడో సముద్రంలో పడితే అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయి: ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో లేయర్‌కు సీఆర్ఎస్ (అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పేది) పేరు మార్చినంత మాత్రాన అంకెలు మారవు. మార్చాలంటే రీప్రొజెక్ట్ చేయాలి, అంటే అంకెలను కొత్త పద్ధతిలోకి మళ్లీ లెక్కకట్టించాలి. ఈ రెండింటినీ కలగలిపేసుకోవడం వల్ల పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

మీది ఏడెనిమిది మీటర్లే కాబట్టి చిత్రాన్ని ఇలా పరీక్షించండి. చెట్లకు దూరంగా, చిత్రంలో స్పష్టంగా కనిపించే నేల మట్టపు గుర్తు ఒకటి ఎంచుకోండి. సిమెంటు గచ్చు మూలైతే బాగుంటుంది. అక్కడ ఐదేసి నిమిషాల చొప్పున వేర్వేరు వేళల్లో రెండుసార్లు కొలవండి. రెండు కొలతలూ ఒకదానికొకటి రెండు మూడు మీటర్లలో ఉండి, రెండూ చిత్రంలోని మూలకు ఏడు మీటర్లు ఒకే వైపు ఉంటే, జరిగింది చిత్రమే అనుకోవచ్చు. వెబ్ మ్యాపుల్లోని చిత్రం వేర్వేరు రోజుల ముక్కల అతుకు. అతుకు దగ్గర రోడ్డు విరిగినట్టు కనబడితే అనుమానం తీరినట్టే. కొండ నేలల్లో అయితే చిత్రం తప్పు కూడా చోటుకో తీరుగా ఉంటుంది. ఉపగ్రహం 20 డిగ్రీలు వాలి తీసిన చిత్రంలో, సరిదిద్దడానికి వాడిన ఎత్తుల నమూనా 30 మీటర్లు తప్పితే, బిందువు దాదాపు 11 మీటర్లు జరుగుతుంది.

విస్తీర్ణం సంగతికొస్తే, గీత మొత్తం ఒకేలా జరిగితే వైశాల్యం మారదు, బెంగ అక్కర్లేదు. అసలు దెబ్బ గట్టుకు అవతల నడవడం వల్ల తగులుతుంది. 100 మీటర్ల చదరం చుట్టూ 2 మీటర్లు బయటగా నడిస్తే 10,000 బదులు 10,816 చదరపు మీటర్లు వస్తుంది, అంటే 8 శాతం ఎక్కువ. వెబ్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో మాత్రం సమతల వైశాల్యం లెక్కపెట్టకండి: 20 డిగ్రీల అక్షాంశం దగ్గరే 13 శాతం పెరుగుతుంది, 60 దగ్గర నాలుగింతలవుతుంది. మీ ప్రాంతానికి సరిపడే యూటీఎం (మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతి) జోన్‌లోకి మార్చి తీయండి.

ఎన్‌డీవీఐకి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు వాడితే బీ8 (సమీప పరారుణ), బీ4 (ఎరుపు) బ్యాండ్లు, రెండూ 10 మీటర్ల పిక్సెల్. హెక్టారులో 100 పిక్సెళ్లు పడితే అందులో 36 అంచువే, అంటే వాటిలో గట్టు, దారి, పక్క చేను కలిసే ప్రమాదం ఉంది. హద్దును 10 మీటర్లు లోపలికి జరిపి మిగిలిన 64తోనే సగటు తీస్తే మీ ఏడు మీటర్ల తేడా కూడా చాలావరకు అందులోనే సర్దుకుంటుంది. ప్రతి పిక్సెల్‌లో ఏముందో చెప్పే ఎస్‌సీఎల్ పొరలో 3, 8, 9, 10 విలువలున్న పిక్సెళ్లు మేఘాలు, వాటి నీడలు, తీసేయండి.

2022 జనవరి 25 నుంచి వచ్చిన సెంటినెల్-2 ఫైళ్లలో ప్రతి విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసేయకుండా లెక్కకడితే పచ్చటి పైరు కూడా ఎండినట్టు కనిపిస్తుంది. బీ8 విలువ 4000, బీ4 విలువ 1600 అనుకోండి. ఎన్‌డీవీఐ అంటే ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగించడమే. నేరుగా లెక్కిస్తే 0.43. వెయ్యి తీసేస్తే 3000, 600, అంటే 0.67. కొన్ని వేదికలు పాత పద్ధతికి సరిచేసే ఇస్తాయి, కాబట్టి తీసేముందు ఫైల్ వివరాలు చూడండి, లేకపోతే రెండుసార్లు తీసేస్తారు.

గట్టు తగాదాకు మాత్రం ఫోన్ కొలత పనికిరాదు. దానికి ఆర్‌టీకే కావాలి: తెలిసిన బిందువు మీద నిలిపిన బేస్ రిసీవర్ పంపే సవరణలతో, తిప్పుతూ కొలిచే రోవర్ రిసీవర్ స్థానం చెబుతుంది, తేడా సెంటీమీటర్లలోనే ఉంటుంది. అక్కడా బేస్ పెట్టిన బిందువు అంకెలు తప్పితే రోవర్ కొలిచినవన్నీ అంతే దూరం, అదే దిక్కుకు జరుగుతాయి. పని మొదలుపెట్టే ముందు తెలిసిన ఇంకో బిందువు మీద రోవర్ ఆనించి చూసుకోమని సర్వేయరుకు చెప్పండి.