తైవాన్ ఎన్నాళ్ళు ఆగుతుంది? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో తైవాన్ చుట్టూ చైనా చేస్తున్న విన్యాసాల గురించి రెండు పేజీలు వేశాం కదా, దాని మీద చాలా ఉత్తరాలే వచ్చాయి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒకటిగా కలిపేశాను, ఏమీ అనుకోకండి.

సార్, చైనా నేవీలో ఓడలు 370 దాటాయంటున్నారు, తైవాన్ దగ్గర చెప్పుకోదగ్గ పెద్ద ఓడలు పాతిక ఉంటాయేమో. ఇంక డిఫెన్స్ ఏంటి సార్, పొద్దున మొదలెడితే సాయంత్రానికి అయిపోదా?

ఓడకి ఓడ లెక్కేస్తే మీరన్నదే కరెక్టు, అందులో వాదించడానికేం లేదు. తైవాన్ దగ్గర అన్నిటికన్నా పెద్దవి నాలుగు డిస్ట్రాయర్లు, అవి కూడా అమెరికా వాడి పక్కన పెట్టినవే, 2005, 2006లో కొనుక్కున్నారు. మిగతావి ఫ్రిగేట్లు, కొన్ని ఫ్రెంచి డిజైను, ఎక్కువ అమెరికా డిజైను. 2023 జనవరిలో అమెరికాలో ఒక పరిశోధనా సంస్థ ఈ యుద్ధాన్ని టేబుల్ మీద 24 సార్లు ఆడి చూసింది, వాళ్ళ లెక్క ప్రకారం తైవాన్ డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు 26కి 26 మునిగిపోయాయి. అయినా ఎక్కువ ఆటల్లో చైనా తైవాన్‌ని పట్టుకోలేకపోయింది. అదెలా అంటారా, అక్కడే ఉంది అసలు సంగతి.

చైనా గెలవాలంటే ఓడలు ముంచితే చాలదండీ, మనుషుల్ని దింపాలి, దింపినవాళ్ళకి తిండి, తూటాలు, డీజిల్ రోజూ పంపిస్తూనే ఉండాలి. చైనాకీ తైవాన్‌కీ మధ్యనున్న జలసంధి బాగా ఇరుగ్గా ఉన్నచోట 130 కిలోమీటర్లు, చాలాచోట్ల 180 దాకా. సైన్యాన్ని మోసే ఓడ గంటకి 28 కిలోమీటర్లు పోతుందనుకోండి, ఆరేడు గంటలు ఎక్కడా దాక్కోడానికి లేకుండా నీళ్ళ మీద ఉండాలి, ఆ ఆరేడు గంటలూ అవతలి ఒడ్డున కొండల చాటున, వంతెనల కింద లారీల మీద యాంటీ షిప్ మిస్సైళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడికి పండగే. తైవాన్ సొంతంగా చేసుకున్న షియుంగ్ ఫెంగ్ మిస్సైళ్ళున్నాయి, వాటిలో మూడో రకం ధ్వని కంటే రెండింతలకి పైగా వేగంతో పోతుంది. ఇవి కాక అమెరికా నుంచి ఒడ్డు మీద నుంచే కొట్టే హార్పూన్లు 400, వాటి లాంచర్ బండ్లు 100, 2020లో ఓకే అయ్యాయి, విడతలు విడతలుగా వస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో నల్లసముద్రంలో రష్యా వాళ్ళ యుద్ధనౌక మాస్క్వా మునిగింది గుర్తుందా, దాన్ని కొట్టింది ఓడ కాదు, ఒడ్డున ఉన్న లాంచరే. చెప్పుకోదగ్గ నేవీయే లేని ఉక్రెయిన్ ఆ పని చేసింది.

ఇంకోటి, తైవాన్‌కి తీరం పొడవుగా ఉందిలే ఎక్కడో అక్కడ దిగుదాం అనుకోడానికి లేదు. తూర్పు వైపు కొండలు నిటారుగా సముద్రంలోకి దిగిపోతాయి. పడమర వైపు చాలాచోట్ల బురద, ఆటుపోట్లకి నీళ్ళు దూరంగా వెనక్కి పోతాయి. పెద్ద ఎత్తున దిగడానికి పనికొచ్చే బీచులు 14 అని మామూలుగా చెప్తుంటారు, అవి ఎక్కడెక్కడున్నాయో కాపలా కాసేవాడికి ఎప్పటినుంచో తెలుసు. వాతావరణం కూడా ఏడాదంతా ఊరుకోదు, ఏప్రిల్ మేలో ఒకసారి, అక్టోబర్ ప్రాంతంలో ఒకసారి సముద్రం కాస్త నెమ్మదిస్తుంది, మిగతా కాలం తుఫానులో, చలికాలపు గాలులో.

అందుకే నేను చైనా బలం చూసేటప్పుడు డిస్ట్రాయర్లు ఎన్ని అని చూడను, మనుషుల్ని మోసే ఓడలు ఎన్ని అని చూస్తాను. నేవీ సొంత ఓడలతో ఒక్క ట్రిప్పుకి ఇరవై పాతిక వేల మందిని దాటించగలరని ఎక్కువమంది వేసే అంచనా. 1944లో నార్మండీలో మొదటి రోజే లక్షా యాభై వేల మందికి పైగా దిగారు, దాంతో పోల్చుకోండి. ఈ లోటు చైనాకీ తెలుసు, అందుకే కార్లూ లారీలూ ఎక్కించే సివిల్ ఫెర్రీలతో ఏళ్ళ తరబడి రిహార్సల్స్ చేస్తోంది, 2025 మొదట్లో కాళ్ళు సముద్రం అడుక్కి దించి నిలబడే పొడుగాటి బార్జీలు కూడా బయటపడ్డాయి, మూడు నాలుగు కలిపితే పోర్టు లేనిచోట పోర్టు తయారవుతుంది. నన్నడిగితే కొత్త విమానవాహక నౌక ఫుజియాన్ కంటే ఈ బార్జీలకే తైవాన్ వాళ్ళు ఎక్కువ భయపడాలి. కానీ కదలకుండా నిలబడ్డ బార్జీ కంటే సులువైన టార్గెట్ కూడా ఇంకోటి ఉండదు.

ఎయిర్‌ఫోర్స్ సంగతి చెప్పండి. మొదటి గంటలోనే రన్‌వేలన్నీ మిస్సైళ్ళతో పేల్చేస్తారు కదా, అప్పుడు ఎఫ్-16లు ఉండీ ఏం లాభం?

మీ అనుమానం నిజమే, ఆ టేబుల్ మీది ఆటల్లో కూడా విమానాలు ఎక్కువగా నేల మీదే పోయాయి. 1992లో కొన్న 150 ఎఫ్-16లలో మిగిలిన 140 దాకా కొత్త రాడార్ పెట్టి అప్‌గ్రేడ్ చేసుకున్నారు, 2019లో ఇంకో 66 కొత్తవి ఆర్డర్ పెట్టారు, అవి చాలా లేటయ్యాయి. సొంతంగా చేసుకున్న చింగ్ కువో ఫైటర్లు ఉన్నాయి, ఫ్రాన్స్ మిరాజ్‌లు ఉన్నాయి, మిరాజ్‌లకి వయసైపోతోంది, స్పేర్ పార్టులు ఖరీదు.

నేల మీద కాపాడుకోడానికి వాళ్ళు చేసిన పని మాత్రం చూడ్డానికి భలే ఉంటుంది. తూర్పు తీరంలో హువాలియన్ దగ్గర చియాషాన్ బేస్, కొండని లోపల తొలిచి హ్యాంగర్లు కట్టారు, 200 విమానాల దాకా పడతాయని చెప్తారు. పడమటి నుంచి వచ్చే మిస్సైల్‌కి మధ్యలో మూడు వేల మీటర్లు దాటిన కొండలు అడ్డం. విమానం లోపల భద్రమే, కానీ బయటికొచ్చి ఎగరాల్సింది రన్‌వే మీదనుంచే కదా, అదే చిక్కు. అందుకని హైవేల మీద దింపడం ప్రాక్టీసు చేస్తారు, హాన్ కువాంగ్ అని ఏటా జరిగే విన్యాసాల్లో ఒక్కోసారి ఇది ఉంటుంది. 2019లో చాంగ్‌హువా దగ్గర హైవే ఆపేసి ఫైటర్లని దింపారు, అక్కడికక్కడే ట్యాంకర్ బండ్ల నుంచి ఇంధనం పట్టి, మిస్సైళ్ళు తగిలించి మళ్ళీ పైకి పంపారు. కొట్టినచోట గంటల్లో రన్‌వే గుంతలు పూడ్చే టీములు కూడా ఉన్నాయి, ఫొటోలకి ఎక్కరు గానీ పైలట్ల కంటే వీళ్ళే ముఖ్యం అనిపిస్తుంది నాకు.

అయితే కొండ చాటు కూడా ఒకప్పుడున్నంత భరోసా ఇవ్వట్లేదు, 2023 ఏప్రిల్‌లో చైనా షాన్‌డాంగ్ విమానవాహక నౌకని తూర్పు వైపుకే పంపి అక్కడినుంచి విమానాలు ఎగరేసింది.

యుద్ధం రాకముందే నడుస్తున్న ఇంకో అరుగుదల ఉంది. రోజూ చైనా విమానాలు వస్తాయి, తైవాన్ తన ఫైటర్లని లేపాలి, ఇంధనం, ఇంజన్ గంటలు, పైలట్ల నిద్ర అన్నీ కరిగిపోతాయి. తైవాన్ నిఘా పెట్టే ఎయిర్ డిఫెన్స్ జోన్‌లోకి వచ్చిన విమానాలు 2024లో 3 వేలు దాటాయి. వచ్చిన ప్రతిదానికీ ఎదురెళ్ళడం మా వల్ల కాదని 2021లోనే వాళ్ళ డిఫెన్స్ శాఖ చెప్పేసింది, ఇప్పుడు చాలావరకు కింద నుంచే మిస్సైల్ రాడార్లతో గమనిస్తారు. నిజానికి ఆకాశం కాపాడేది చివరికి పేట్రియాట్లు, సొంత తియెన్ కుంగ్ మిస్సైళ్ళు, భుజాన పెట్టుకుని కొట్టే స్టింగర్లే. ఫైటర్లు పూర్తిగా పోయినా ఇవి కొన్ని మిగిలితే చైనా హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో హాయిగా తిరగలేవు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి సబ్‌మెరీన్లు తైవాన్ ఇంకా వాడుతోందని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమా, గ్యాసా?

నిజమే, మీ ఫ్రెండే గెలిచాడు. 1940లలో అమెరికాలో కట్టినవి రెండు, ట్రైనింగ్‌కే ఎక్కువ పనికొస్తాయి. 1980ల చివర్లో నెదర్లాండ్స్ నుంచి వచ్చినవి ఇంకో రెండు. ఆ తర్వాత చైనాకి భయపడి ఎవరూ అమ్మలేదు. చివరికి సొంతంగా కట్టుకుని 2023 సెప్టెంబర్‌లో కావోషియుంగ్‌లో హై కున్ అనే సబ్‌మెరీన్‌ని ఆవిష్కరించారు. ఆ డబ్బుకి ఎన్ని మిస్సైల్ లారీలు వచ్చేవో అని సణిగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పాత సైన్యాధిపతి లీ షి-మింగ్ అయితే పెద్ద పెద్ద ఓడలు, విమానాలు తగ్గించి చిన్నవి, చవకవి, ఎక్కువ సంఖ్యలో పెట్టండని ఏళ్ళుగా చెప్తున్నారు. నాదీ అదే పక్షం, ఒక్క సబ్‌మెరీన్ విషయంలో మాత్రం కొంచెం ఊగుతాను, ఎందుకంటే అది ఎక్కడుందో తెలియకపోవడమే అవతలివాడికి సగం తలనొప్పి.

చైనా ఇంతకుముందు ఎప్పుడన్నా ఇలా దీవి మీద దిగే ప్రయత్నం చేసిందా?

చేసింది, ఒకచోట ఘోరంగా దెబ్బతింది, ఒకచోట గెలిచింది, రెండూ తెలుసుకోవాలి.

1949 అక్టోబర్ 25 తెల్లవారుజామున తైవాన్ వాళ్ళ చేతిలో ఉన్న కిన్‌మెన్ దీవి మీదికి 9 వేల మందికి పైగా చైనా సైనికులు దాటారు, చైనా తీరంలోని షియామెన్ పక్కనే ఉంటుంది, కొన్ని కిలోమీటర్ల దూరం అంతే. వచ్చింది చేపల పడవల్లో. గాలికి, ప్రవాహానికి అనుకున్నచోటికి కాకుండా గునింగ్‌తోవ్ వైపు కొట్టుకొచ్చారు. దిగేటప్పుడు పోటు మీదుంది, పడవలు ఒడ్డు దాకా వచ్చేశాయి, కాసేపటికి ఆటు మొదలై నీళ్ళు వెనక్కి పోయేసరికి పడవలన్నీ ఇసకలో కూరుకుపోయాయి. ఆ పడవలే వెనక్కెళ్ళి రెండో విడతని తేవాలి. తెల్లారాక వాటిని ఒడ్డునున్నవాళ్ళు, విమానాలవాళ్ళు కలిసి తగలబెట్టేశారు. అవతలి ఒడ్డున మిగతా సైన్యం రెడీగా నిలబడి ఉంది, దాటడానికి పడవ లేదు. మూడు రోజుల్లో దిగినవాళ్ళంతా చచ్చినవాళ్ళు చావగా మిగతావాళ్ళు బందీలయ్యారు. ఇందాక ఒక్క ట్రిప్పుకి ఎంతమంది, దింపాక రోజూ ఏం పంపాలి అని అంత సేపు చెప్పింది ఇందుకే.

మరి ఆర్నెల్లు తిరిగేసరికి 1950 వసంతంలో అదే సైన్యం హైనాన్ దీవిని పట్టేసుకుంది, అప్పుడూ ఎక్కువగా చెక్క పడవలే. ఆటుపోట్లు, గాలి చూసుకున్నారు, ముందు చిన్న చిన్న గుంపుల్ని రహస్యంగా దాటించారు, అన్నిటికన్నా ముఖ్యం దీవి లోపల వాళ్ళ గెరిల్లాలు ఏళ్ళ తరబడి ఉన్నారు. కాబట్టి సముద్రం ఉంది కదా అని ఎవరూ గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోకూడదు. తైవాన్ 2024 నుంచి కుర్రాళ్ళ తప్పనిసరి సైనిక సర్వీసు నాలుగు నెలల నుంచి మళ్ళీ ఏడాదికి పెంచింది.

అసలు దిగడం ఎందుకండీ, చుట్టూ ఓడలు పెట్టి ఏమీ రానివ్వకపోతే వాళ్ళే దారికొస్తారు కదా?

ఇన్ని ఉత్తరాల్లో నాకు నిద్రపట్టనివ్వని ప్రశ్న మీదే. తైవాన్ వాడే ఇంధనంలో 95 శాతానికి పైగా ఓడల్లో రావాల్సిందే. కరెంటులో నలభై శాతానికి పైగా గ్యాస్ నుంచి, ఆ గ్యాస్ నిల్వ 11 రోజులకి అటూ ఇటూ. ఆయిల్, బొగ్గు ఇంకాస్త ఎక్కువ రోజులు వస్తాయి. చివరి అణు రియాక్టర్‌ని 2025 మే 17న ఆపేసుకున్నారు, వాళ్ళ రాజకీయాలు వాళ్ళవి గానీ బయటినుంచి చూసేవాడికి మాత్రం అయ్యో అనిపిస్తుంది. కేబుళ్ళ సంగతి చూస్తే, 2023 ఫిబ్రవరిలో తైవాన్ వాళ్ళ మత్సు దీవులకి వెళ్ళే సముద్రం కింది కేబుళ్ళు రెండు తెగిపోతే అక్కడి జనం వారాల తరబడి ఇంటర్నెట్ సరిగ్గా లేక అల్లాడారు.

దిగ్బంధంలో చైనాకి ఉన్న సుఖం ఏంటంటే మొదటి తూటా అవతలివాళ్ళ చేత పేల్పించొచ్చు. కోస్ట్‌గార్డ్ ఓడలతో తనిఖీ అని మొదలెడితే గ్యాస్ ట్యాంకర్ కెప్టెన్, ఇన్సూరెన్స్ కంపెనీ వెనక్కి తగ్గుతారు, ఇంకెవర్నీ కొట్టక్కర్లేదు. యాంటీ షిప్ మిస్సైల్ దీనికి జవాబు కాదు. గ్యాస్ ట్యాంకులు పెంచుకోవడం, ఆగిన రియాక్టర్లని మళ్ళీ తెరవడం, బియ్యం నిల్వలు, ఇలాంటి బోరు పనులే జవాబు. 2025 నవంబర్‌లో ప్రెసిడెంట్ లై చింగ్-తె 40 బిలియన్ డాలర్ల స్పెషల్ డిఫెన్స్ బడ్జెట్ ప్రకటించారు, అందులో పేపర్ల హెడ్‌లైన్లకి ఎక్కింది మాత్రం ఆయుధాలే.

2027లో యుద్ధం ఖాయం అంటున్నారు, అమెరికా వస్తుందా?

2027కల్లా సైన్యం రెడీగా ఉండాలని షీ జిన్‌పింగ్ చెప్పారని అప్పటి సీఐఏ డైరెక్టర్ 2023లో అన్నారు, రెడీగా ఉండమనడం వేరు, వెళ్ళమనడం వేరు, ఆ మాట ఆయనే చెప్పారు కూడా. తైవాన్ విషయంలో అమెరికా చేసుకున్న 1979 చట్టం ప్రకారం ఆయుధాలు అమ్మాలి, సైన్యం పంపి తీరాలని అందులో ఎక్కడా లేదు.

తేదీలు చూసుకునే బదులు ఓడలు చూడండి. అంత సైన్యాన్ని కదిలించడం వారాల తరబడి పని, శాటిలైట్ల కంట పడకుండా జరగదు. బోహాయ్ జలసంధిలో డాలియన్, యాంటాయ్ మధ్య రోజూ జనాన్ని, లారీల్ని చేరవేసే పెద్ద ఫెర్రీలు ఉంటాయి, అవన్నీ ఒక్కసారిగా రూటు మానేసి దక్షిణానికి బయల్దేరాయని వార్త వస్తే అప్పుడు రాయండి నాకు.