అద్దె దానంతట అదే వెళ్లాలంటే?

ప్రశ్న: కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాను. నెలకు రూ.14,000, 5వ తేదీలోగా ఇవ్వాలి. జీతం 1న పడుతుంది. ఓనర్ ఖాతా వేరే బ్యాంకులో ఉంది. ఆయన నంబరుకు ఆటోపే పెడదామంటే యూపీఐ యాప్‌లో ఆ ఆప్షనే కనిపించట్లేదు. ఎలా?

జవాబు: యూపీఐ ఆటోపే (ప్రతిసారీ పిన్ కొట్టకుండా డబ్బు దానంతట అదే కట్టయ్యే ఏర్పాటు) ఓటీటీ చందాలు, బీమా ప్రీమియాలు, సిప్‌ల (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడుల) లాంటి వాటి కోసం పెట్టింది. మామూలుగా డబ్బు తీసుకునేది సంస్థ అయి ఉండాలి. మీ ఓనర్ సొంత నంబరుకు వెళ్లే డబ్బు అందులోకి రాదు. యాప్‌లో రిమైండర్ పెట్టుకున్నా అది గుర్తు చేస్తుందంతే, పిన్ కొట్టాల్సింది మీరే.

మీ పనికి సరిపోయేది నెట్‌బ్యాంకింగ్‌లోని స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్, అంటే ప్రతి నెలా ఫలానా తేదీన ఇంత పంపమని బ్యాంకుకు ముందే చెప్పి ఉంచడం. కొన్ని బ్యాంకులు షెడ్యూల్డ్ ట్రాన్స్‌ఫర్ అంటాయి. ముందు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌తో ఓనర్‌ని బెనిఫిషియరీగా (డబ్బు అందుకునే వ్యక్తిగా) చేర్చండి. డబ్బు జమయ్యేది ఖాతా నంబరును బట్టే, మీరు టైప్ చేసిన పేరును బట్టి కాదు. ఒక్క అంకె తప్పినా అద్దె ఇంకెవరికో చేరుతుంది. నెఫ్ట్‌కు (ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతి) ఖాతాదారు పేరు ముందే చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది, దాన్ని వాడండి. అయినా ఒక్క రూపాయి పంపి, పడిందని ఓనర్ చెప్పాకే నెలనెలా వెళ్లే అద్దె సెట్ చేయండి. కొత్త బెనిఫిషియరీకి మొదట్లో తక్కువ మొత్తమే పంపనిస్తారు కాబట్టి ఈ పని 4వ తేదీ రాత్రికి పెట్టుకోకండి, ముందు నెల 20వ తేదీ ప్రాంతంలోనే కానిచ్చేయండి.

అసలు తిప్పలన్నీ తేదీ దగ్గరే. జీతం 1న పడుతుందని అద్దెకూ 1నే పెడతారు. జీతం మధ్యాహ్నం పడితే, పొద్దున్నే నడిచిన ఇన్‌స్ట్రక్షన్ బ్యాలెన్స్ లేక ఫెయిలవుతుంది. కొన్ని బ్యాంకులు మళ్లీ ప్రయత్నించవు, పైగా ఛార్జీ వేస్తాయి. 3వ తేదీ పెట్టండి. ఫెయిలైనా చేత్తో పంపడానికి రెండు రోజులుంటాయి. ఎండ్ డేట్ దగ్గర అగ్రిమెంట్ చివరి నెల ఇవ్వండి. లేకపోతే అగ్రిమెంట్ 11 నెలలు దాటాక అద్దె పెరిగినా పాత మొత్తమే వెళ్తూ ఉంటుంది, ఓనర్ నుంచి ఫోనొచ్చేదాకా మీకు తెలియదు. నీళ్ల బిల్లు, మెయింటెనెన్స్ నెలనెలా మారతాయి కాబట్టి ఇందులో కలపకండి.

ప్రశ్న: యూపీఐలో అద్దె పంపితే నా ఖాతాలో కట్టయింది, యాప్‌లో పెండింగ్ అంటోంది. ఓనర్ రాలేదంటున్నారు. మళ్లీ పంపనా?

జవాబు: వెంటనే వద్దు, రెండుసార్లు వెళ్లిపోయే ప్రమాదం ఉంది. లావాదేవీ వివరాల్లో 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఉంటుంది, అది ఓనర్‌కి పంపండి. ఎస్ఎంఎస్ రాలేదని డబ్బు రాలేదనుకుంటారు చాలామంది. ఆ నంబరుతో స్టేట్‌మెంట్‌లో వెతకమనండి. ఆయన ఖాతాలో పడకపోతే, రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం మరుసటి రోజుకల్లా మీకు తిరిగి జమ చేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం. అప్పటికీ రాకపోతే యాప్‌లో అదే లావాదేవీ మీద ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకూ రాయండి.

ప్రశ్న: ఫోన్ మార్చాను. అద్దె పంపబోతే లిమిట్ దాటిందంటోంది.

జవాబు: కొత్త ఫోన్‌లో యూపీఐ రిజిస్టర్ చేశాక మొదటి 24 గంటలూ మామూలుగా రూ.5,000 మించి పంపనివ్వరు. ఐఫోన్‌లో అయితే ఇది 72 గంటలదాకా ఉండొచ్చు. మోసగాళ్లు మీ సిమ్ చేజిక్కించుకుని ఖాతా ఊడ్చేయకుండా పెట్టిన అడ్డు ఇది, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా ఆ అడ్డు తీసేయరు. ఓనర్ ఇప్పటికే మీ నెట్‌బ్యాంకింగ్‌లో బెనిఫిషియరీగా ఉంటే ల్యాప్‌టాప్ నుంచి ఐఎంపీఎస్ (వెంటనే డబ్బు చేరే బ్యాంకు బదిలీ) చేయండి. ఆదివారమైనా, అర్ధరాత్రయినా వెళ్తుంది. సిమ్ కూడా మార్చి ఉంటే ఓటీపీ దగ్గర ఆగిపోవచ్చు. అప్పుడు ఇంట్లో మరొకరి ఖాతా నుంచి పంపించి, రిమార్క్స్‌లో ఫ్లాట్ నంబరు, ఏ నెల అద్దో రాయమనండి.