మందు మానిన మూడో రాత్రి లేని చీమలు ఏరుతున్నారు... ఎక్కడ చూపించాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 43 ఏళ్లు, రొయ్యల గుంటల దగ్గర పని. పన్నెండేళ్లుగా తాగుతున్నారు. ఇప్పుడు రోజుకు రెండు క్వార్టర్లు పడందే కుదరదు. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతానని గట్టిగా అంటే పోయిన నెలలో మానేశారు. రెండో రోజుకే చేతులు వణికి మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయారు. మూడో రాత్రి దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టారు. ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ ఎక్కించాడు. తెల్లారి మా మరిది కాస్త మందు పోస్తే కుదుటపడ్డారు. మళ్లీ మామూలే. రొట్టెల పండక్కి వెళ్లి ఆరోగ్య రొట్టె కూడా పట్టుకున్నాను. కూరలో కలిపే మాత్ర ఉందని ఒకరు, డబ్బు కట్టి మూడు నెలలు ఏదైనా సెంటర్లో పడేయమని ఇంకొకరు చెబుతున్నారు. మరిదికి 22 ఏళ్లు, గంజాయి అలవాటైంది. వాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందా?

- ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ మూడో రాత్రి సంగతి చెప్పుకుందాం. లేని చీమలు కనపడటం గాలి సోకడం కాదు, నాటకమూ కాదు. దాన్ని మేం డెలీరియం ట్రెమెన్స్ అంటాం. చికిత్స అందకపోతే ప్రాణం పోయే స్థితి అది. మీవారు దాని అంచుదాకా వెళ్లి వచ్చారు.

ఒక క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. రోజూ రెండు పడుతుంటే మెదడు ఎప్పుడూ మత్తులో అణిగే ఉంటుంది. ఆ మత్తులోనూ పని జరగాలి కాబట్టి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. ఉన్నట్టుండి మందు ఆగితే ఆ ఉద్రేకానికి అడ్డు ఉండదు, పగ్గం తెగిన కోడెలా అయిపోతుంది. ఆఖరిగా తాగిన ఆరు గంటల తర్వాత వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మతి తప్పడం, లేనివి కనిపించడం, గుండెదడ, జ్వరం. మానేస్తానని మాట ఇచ్చి నిజంగానే మానిన మనిషికే ఇది వస్తుంది, అదే బాధ. అయ్యప్ప మాల వేసుకునే రోజుల్లో మాకు ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి. దీక్ష మంచిదే. రోజూ గట్టిగా తాగే మనిషి మాల వేసుకోవాలనుకుంటే మాత్రం పది రోజులు ముందే డాక్టర్ దగ్గరికి రావాలి.

గ్లూకోజ్ సంగతి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. ముందు ఆ ఇంజెక్షన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఆర్‌ఎంపీ మంచి మనసుతోనే చేసి ఉంటాడు, కానీ అది ఆయన చేతిలో తేలే పని కాదు.

కాబట్టి మళ్లీ ఇంట్లో మాన్పించే ప్రయత్నం చేయకండి. దర్గామిట్టలోని నెల్లూరు పెద్దాసుపత్రికి, అంటే జీజీహెచ్‌కి, తీసుకెళ్లి మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించండి. మందు మానడానికి వచ్చామని చెబితే చాలు. ఒంగోలు వైపు వాళ్లకు అక్కడి ప్రభుత్వాసుపత్రి రిమ్స్ ఉంది. పిచ్చాసుపత్రికి తెచ్చారేమిటని మీవారు అలిగితే, నిద్ర పట్టడానికీ వణుకు తగ్గడానికీ అని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ఓపీ కోసం తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

అక్కడ ఏం చేస్తారంటే, మందు చేసే పనిని కొన్నాళ్లు మాత్రలతో చేయించి రోజురోజుకూ డోసు తగ్గిస్తూ వస్తారు. బీ1 ఇంజెక్షన్లు ఇస్తారు, లివర్ పరీక్షలు చేస్తారు. దీనికి వారం నుంచి పది రోజులు పడుతుంది. చాలామంది ఇక్కడే అయిపోయిందనుకుంటారు. ఒంట్లోంచి మందు పోయిందంతే, తాగాలన్న యావ ఇంకా పోలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి నోరూరడం, గుంట దగ్గర నలుగురూ పిలవడం, ఇవన్నీ ఇంటికొచ్చాకే మొదలు. ఆ యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు ఉన్నాయి. లివర్ ఎలా ఉందో చూసి ఏది సరిపోతుందో డాక్టర్ నిర్ణయిస్తారు. వాటితోపాటు కౌన్సెలింగ్ కూడా కనీసం ఆరు నెలలు సాగాలి. మధ్యలో ఒకసారి తాగారంటే వైద్యం ఫెయిలైందని చీటీ చింపేయకండి. షుగర్ పేషెంట్ పెళ్లిలో లడ్డూ తిన్నాడని మందులు ఆపేస్తామా? మర్నాడే మళ్లీ తీసుకురండి. తిట్లు తర్వాత తిట్టుకోవచ్చు.

కూరలో కలిపే మాత్ర బహుశా డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి మనిషే దక్కడు. ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. మనిషికి తెలిసి, ఒప్పుకుని, పరీక్షలయ్యాక వాడాల్సిన మందు అది. తెలియకుండా పెట్టడమంటే అన్నంలో ఉచ్చు పన్నడమే. ఈ సలహా ఇచ్చినవాళ్లకు దయచేసి ఈ మాట చేరవేయండి.

ఇక మూడు నెలల సెంటర్. అన్నీ చెడ్డవని అనను. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపేవి కూడా ఉన్నాయి. ప్రైవేటు సెంటర్ అయితే డబ్బు కట్టేముందు మూడు అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ ఎన్ని రోజులకోసారి వస్తారు, మీరు వెళ్లి మనిషిని కళ్లారా చూడనిస్తారా. నెల దాకా ఫోన్ కూడా చేయొద్దని అన్నారంటే వెనక్కి వచ్చేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. దాని ప్రకారం మనిషిని గొలుసులతో కట్టేయడం నేరం. చేతుల మీద దెబ్బలతో తిరిగొచ్చిన మనుషుల్ని నేను చూశాను. వాళ్లు మళ్లీ ఏ ఆసుపత్రి గడపా తొక్కరు.

మీ మరిది విషయంలో భయపడాల్సింది పోలీసులకు కాదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత. గంజాయి వాడకంపై కేసు ఎదుర్కొంటున్నవాడైనా సరే, తనంతట తానే ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చేరి చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుందని మత్తు పదార్థాల కేసులకు వాడే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ చెబుతోంది. అమ్మినవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. గంజాయి మానితే చిరాకు, నిద్ర పట్టకపోవడం ఒకట్రెండు వారాలు బాధిస్తాయి. మందులా ఇందులో ప్రాణభయం ఉండదు. కానీ తనలో తాను నవ్వుకోవడం, ఎవరో వెంటపడుతున్నారని తలుపులేసుకోవడం లాంటివి కనిపిస్తే వెంటనే తీసుకురండి. అన్నదమ్ములిద్దరికీ ఒకే ఓపీ సరిపోతుంది.

ఇద్దరూ రానంటే? మీరొక్కరే రండి. మాట వినని మనిషితో ఇంట్లో ఎలా మాట్లాడాలో, అప్పులు ఎవరు తీర్చాలో, ఎక్కడ గట్టిగా ఉండాలో కౌన్సెలర్ మీతో కూర్చుని మాట్లాడతారు. బస్సెక్కే లోపు ఫోన్‌లో మాట్లాడాలంటే 14446 ఉంది, మత్తు అలవాట్ల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. దగ్గరలో కేంద్రం ఎక్కడుందో కూడా అడగొచ్చు. టెన్షన్‌తో మీకే నిద్ర పట్టని రాత్రి 14416కి చేయండి. అది టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడతారు. రెండూ ఉచితం.

సారా ఉద్యమం మన జిల్లాదే కదా. తొంభైల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. తాగుడు గురించి నోరు విప్పడానికి నెల్లూరు ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే ఆసుపత్రిలోనూ మొహమాటపడకండి. ఎంత తాగుతారని డాక్టర్ అడిగితే మీవారు సగమే చెబుతారు, అందరూ అంతే. రెండు క్వార్టర్లని, పోయిన నెల చీమలు కనపడ్డాయని మీరే చెప్పండి. మాత్రల డోసు ఆ లెక్కను బట్టే వేస్తారు. ఆధార్ కార్డు, ఆర్‌ఎంపీ రాసిన చీటీ, ఇంట్లో వాడే మాత్రలేవైనా ఉంటే అవీ సంచిలో పెట్టుకోండి. ఆసుపత్రికి వెళ్తున్నామని ముందురోజు నుంచే మందు మాన్పించి తీసుకురాకండి. ఎలా ఉన్నవారిని అలాగే తీసుకురండి, ఆపే పని మేం చూసుకుంటాం.